అడగందే

హల్‌లో వాన నిలువుగా పడదు.
హంబర్ మీంచి అడ్డంగా వచ్చి మొహాన కొడుతుంది.
గొడుగు దండగ.
స్కూల్లో మా వాడి వార్షిక సమీక్ష,
మందుల షాపుకి సగంరోజు సెలవు పెట్టాను.
చంకలో ఫైలు. పక్కన వాడు,
ప్రతి లైటు స్తంభాన్నీ అరచేత్తో పలకరిస్తూ.
ఒక్కటి వదిలినా వెనక్కి వెళ్ళాలి,
అందుకే ఎప్పుడూ పావుగంట ముందు బయల్దేరతాం.

అడగందే అమ్మైనా పెట్టదు, అనేది మా నాయనమ్మ.
అడగడానికి మాట రాని పిల్లాడికి
ఏడేళ్ళు అడక్కుండానే పెట్టాం:
రాత్రిపూట గోరువెచ్చని పాలు, చిటికెడు పసుపు.
కళ్ళు మూసుకుని తాగేవాడు.
ఇష్టం కాబోలు అనుకున్నాం.

చేతికి టాబ్లెట్ వచ్చిన మూడో నెల
(నేనమ్మే టాబ్లెట్లు వేరు, వాటికి మాటలు రావు)
బొమ్మల గడుల మధ్య వేలు చాలాసేపు తచ్చాడి
పాలు, నొక్కాడు. వద్దు, నొక్కాడు.
పాలు. వద్దు. పాలు. వద్దు.
పదకొండుసార్లు.
సుభాషిణి డ్యూటీ బట్టల్లోనే
వంటగదిలో నేలమీద కూలబడి నవ్వింది,
కాసేపటికి అది నవ్వు కాదు.
మాత్రలు లెక్కపెట్టే చేతులు కదా నావి, లెక్కేశాను:
రెండువేల అయిదువందల పైచిలుకు వద్దులు
ప్రేమగా వాడి గొంతులో పోశాం.

ఆ యంత్రం గొంతు ఎవరో దొరల కుర్రాడిది.
దానికి చారు తెలీదు, అబ్బా తెలీదు,
ఇంకొంచెం అనడంలో ఉండే గారం తెలీదు.
ఒక ఆదివారం దుప్పటి ముసుగేసుకుని
నా గొంతుతో నింపాను కొన్ని గడులు.
చారు. అబ్బా. నొప్పి. నాన్న. మాట. పోదాం. చాలు.
ఎవర్తో మాట్లాడుతున్నావ్, అంది సుభాషిణి తలుపు అవతల్నుంచి.

మోకాళ్ళు గడ్డానికి తగిలే కుర్చీలు.
బల్ల చుట్టూ ఆరుగురు, ఎవరూ ముట్టని బిస్కెట్లు.
కాగితం మీద చిరాయు, నోళ్ళలో మాత్రం "అతను".
అతను అక్కడే ఉన్నాడు, కిటికీ దగ్గర,
వానకి తాళం వేస్తున్నట్టు వేళ్ళాడిస్తూ.

మిసెస్ హోల్డ్స్‌వర్త్ మంచావిడ. కష్టం అక్కడే.
"ఊరికే గడులు నొక్కి ఆడుకుంటున్నాడండీ,
పాఠమప్పుడు దాన్ని సంచీలో పెడుతున్నాం."
కోపంలో నా ఇంగ్లీషు కుంటుతుంది,
అందుకని రాసుకొచ్చిందే చదివాను:
మిగతా పిల్లలు పిచ్చి కబుర్లు చెప్పుకుంటే
వాళ్ళ నాలుకలు కూడా సంచీలో పెడుతున్నారా?
ఎవరో పెన్ను మూత తీశారు. మళ్ళీ పెట్టారు.

అక్కడితో ఆగాల్సింది.
కౌన్సిలాయన గంటల లెక్క తీశాడు, నేను చిట్టా విప్పాను.
ఏ శబ్దానికి చెవులు మూసుకుంటాడో,
ఏ రాత్రుళ్ళు నిద్రపోడో,
స్నానాలగది సంగతులతో సహా,
వాడి ముందే.

నా మాట మీద నా గొంతే పడింది:
చాలు.

దుప్పటి కింది ఆదివారపు గొంతు.
అందరూ నా వైపు చూశారు, ఏమన్నాడని.
చెప్పాను.
హోల్డ్స్‌వర్త్ లేచి, వాడి పక్కన గొంతుక్కూర్చుని
ఏది చాలు, చిరాయూ, అని వాణ్ణే అడిగింది.
తర్వాత ఎదురుచూసింది.
రేడియేటర్ టకటకలాడింది.
ఎవరో వాచీ చూసుకున్నారు. ఆవిడ చూసుకోలేదు.

నాన్న, అంది నా గొంతు.
మాట, అంది.
చాలు.

సంచీ సంగతి ఆ రోజు తేలలేదు.
ఏప్రిల్లో మళ్ళీ రమ్మన్నారు.
ఫైల్లో ఇంకా పద్నాలుగు పేజీలున్నాయి, చదవలేదు.

తిరుగుదారిలో నేనేం మాట్లాడలేదు.
వాడి వెనకాలే ఒక స్తంభం మీద చెయ్యి పెట్టాను.
తడి, చలి.
చెయ్యి తీసేవాణ్ణే.
గాలికి లోపల సన్నగా ఏదో మోగుతోంది,
చెవికి కాదు, అరచేతికి.

చిరాయూ, ఆగరా,
మూల మీద ఒకటి నేను వదిలేశాను.
వెనక్కి వెళ్దామా?